నాలుగో రకం వాక్యం

ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకి రాసేవాళ్లకి ఒక్కో బిట్టు విలువ అర మార్కు. 160 బిట్లకి 80 మార్కులు, మిగతా 20 టీచరు అర్హత పరీక్ష టెట్ వెయిటేజీ. బయటివాళ్లకి అర మార్కంటే లెక్కలోకి రాదు. ఆ అర మార్కు దగ్గర ఎంతమంది ఆగిపోతారో మాకు తెలుసు. నార్మలైజేషన్ అయ్యాక ర్యాంకులు పాయింటు తర్వాతి అంకెల్లో తేలతాయి. అలాంటి అర మార్కు ఒకటి నన్ను ఏళ్ల తరబడి ఏడిపించింది. ఒక ఇంగ్లిష్ వాక్యం ఇచ్చి, అది సింపులా, కాంపౌండా, కాంప్లెక్సా, కాంపౌండ్-కాంప్లెక్సా అని అడిగే బిట్టు. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. నాలుగోదానితోనే.

నిర్వచనం అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పేదాన్ని. సొంతంగా నిలబడగల మెయిన్ క్లాజులు కనీసం రెండు ఉండాలి, వాటిలో ఏదో ఒకదాన్ని ఆనుకుని ఉండే సబార్డినేట్ క్లాజు కనీసం ఒకటి ఉండాలి. అక్కడికి బాగానే ఉంది. తీరా వాక్యం కళ్ల ముందుకొచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచేది కాదు. నిర్వచనం నుంచి వాక్యం దాకా నడిపించే దారి నాకెవరూ చూపించలేదు.

మాది పల్నాడులో మిర్చి పండించే ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ గ్రామర్ అంటే మాకు గుర్తుల పట్టిక. 'ఇన్ స్పైట్ ఆఫ్' కనిపిస్తే సింపుల్, 'దో' కనిపిస్తే కాంప్లెక్స్, 'బట్' కనిపిస్తే కాంపౌండ్. 'టూ... టు' వస్తే సింపుల్, 'సో... దట్' వస్తే కాంప్లెక్స్, 'వెరీ... అండ్' వస్తే కాంపౌండ్. మా మాస్టారు బోర్డు మీద మూడు గళ్లు గీసి రాయించేవారు, మేం బట్టీ పట్టేవాళ్లం. పబ్లిక్ పరీక్షలో ఆ మార్కులు ఎక్కడికీ పోయేవి కావు. ఆయన్ని తప్పుపట్టను. కిక్కిరిసిన క్లాసులో, ఒక్క పీరియడ్‌లో, ఇంగ్లిష్ అక్షరాలు కూడా సరిగా రాని పిల్లలతో ఆయన చేయగలిగింది చేశారు. కానీ ఆ పట్టికలో నాలుగో గడి లేదు. తెలుగు వాచకంలోనూ సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలని మూడే. డిగ్రీ, బీఈడీ, దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లిష్, అన్నీ ఆ మూడు గళ్లతోనే దాటాను. ఎం.ఏ.లో నాటకాలూ కవిత్వం చదివాను. వాక్యాన్ని విప్పి చూడటం మాత్రం ఎక్కడా చదవలేదు.

2018 డీఎస్సీలో నా పేరు రాలేదు. మళ్లీ నోటిఫికేషన్ పడేదాకా అని మండల కేంద్రంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. 2020లో కరోనా వచ్చి స్కూళ్లు మూతపడ్డాక జీతం ఆగిపోయింది. 2021-22లో మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. పూవులో చేరి రసం పీల్చి, పూతంతా రాల్చేసే పురుగు అది. ఏ మందు కొట్టినా లొంగలేదు. కౌలు డబ్బులూ మందుల కొట్టు బాకీ కలిసి మా ఆయన నోట మాట లేకుండా చేశాయి. ఇంట్లో నా ఉద్యోగం గురించి మాట్లాడటమే మానేశారు. మా అత్తయ్య ఒక్కతే రాత్రిళ్లు, "నువ్వెళ్లి చదువుకోమ్మా, గిన్నెలు నేను చూసుకుంటాలే" అనేది.

2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. మా బాబుని అత్తయ్యకి అప్పగించి అవనిగడ్డ బస్సెక్కాను. డీఎస్సీ రాసేవాళ్లకి అవనిగడ్డ గురించి చెప్పక్కర్లేదు. దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా అన్ని జిల్లాలవాళ్లూ టీచరు ఉద్యోగం కోసం వచ్చి అక్కడే గదులు అద్దెకు తీసుకుని చదువుతారు. మాకైతే గుంటూరు మీదుగా రేపల్లె వెళ్లి, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటితే వచ్చేస్తుంది. ఇంటికి దూరం పెద్దగా లేదు. అయినా బాబు ఫోన్లో "అమ్మా, ఎప్పుడొస్తావు" అన్న ప్రతిసారీ ఆ వంతెన కళ్ల ముందు కదిలేది.

ఎన్నికలొచ్చాయి, పరీక్ష జరగలేదు. జూన్‌లో కొత్త ప్రభుత్వం ఆ నోటిఫికేషన్ స్థానంలో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ అని ప్రకటించింది. పోస్టులు పెరిగాయని సంతోషం, తేదీ తెలియదని దిగులు. కొందరు గదులు ఖాళీ చేసి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. ఒకసారి ఇంటికి చేరితే మళ్లీ పుస్తకం పట్టుకోవడం అవదని నాకు తెలుసు.

కోచింగ్‌లో ఇంగ్లిష్ గ్రామర్ కూడా గుర్తుల మీదే నడిచేది. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అనే ఏడూ కనిపిస్తే కాంపౌండ్. బికాజ్, ఆల్దో, వెన్, ఇఫ్, హూ, విచ్, దట్ కనిపిస్తే కాంప్లెక్స్. రెండు జాబితాల నుంచీ ఒక్కోటి కనిపిస్తే కాంపౌండ్-కాంప్లెక్స్. జిరాక్స్ మెటీరియల్‌లో ఒక డబ్బా గీసి అందులో ఇంతే రాసి ఉండేది. మొదట్లో హాయిగా అనిపించింది. మోడల్ పేపర్లు చేస్తున్నకొద్దీ వాక్యాలు ఆ డబ్బాలో ఇమడటం మానేశాయి.

ఒక గ్రాండ్ టెస్టులో వచ్చిన వాక్యం ఇది: 'హి సెడ్ దట్ హి వాజ్ టైర్డ్ అండ్ దట్ హి వాంటెడ్ టు గో హోమ్.' కీలో జవాబు కాంపౌండ్-కాంప్లెక్స్ అని ఇచ్చారు. నేను కాంప్లెక్స్ పెట్టాను. ఇందులో సొంతంగా నిలబడేది 'హి సెడ్' ఒక్కటే అని నా మనసు చెబుతోంది. అలసిపోయానన్నదీ, ఇంటికి పోవాలన్నదీ, రెండూ అతను అన్న మాటలే. 'అండ్' కలిపింది ఆ రెండింటినే. డిస్కషన్ క్లాసులో లేచి అడిగాను. సార్ మైకులోనే, "దట్ ఉందా? అండ్ ఉందా? ఇంకేం కావాలమ్మా?" అన్నారు. నోట్సులో దిద్దుకోమన్నారు. వందలమంది పెన్నులు కదిలాయి. నేను నిలబడే ఉన్నాను. ఎందుకు కాదో నా దగ్గర గట్టి వాదన ఉంటే చెప్పేదాన్ని. లేదు. అర్థం తెలుస్తోంది, నిరూపించడం చేతకావడం లేదు. టీచరు కావలసినదాన్ని, రేపు క్లాసులో ఒక పిల్ల లేచి ఇదే అడిగితే నేనూ మైకులో అన్న మాటే అనాలా అనిపించి, కూర్చున్నాక కూడా చేతులు వణికాయి.

ఆ తర్వాత కొన్నాళ్లపాటు బిట్టు చూస్తేనే భయం పట్టుకుంది. చేసినకొద్దీ పట్టు దొరకాలి కదా, నాకు ఉన్న పట్టు పోయింది. 'ఆఫ్టర్' కనిపిస్తే సబార్డినేట్ అన్నారు. మరి 'ఆఫ్టర్ ద ఎగ్జామ్, ఐ వెంట్ హోమ్ అండ్ మై సిస్టర్ వెంట్ టు వర్క్' మాటేమిటి? అక్కడ 'ఆఫ్టర్' వెనక ఉన్నది నామవాచకం, క్లాజే లేదు, వాక్యం ఉత్త కాంపౌండ్. 'సో' ఒక జాబితాలో ఉంది, 'సో దట్' ఇంకో జాబితాలో ఉంది. 'ఫర్' పదిసార్లు కనిపిస్తే తొమ్మిదిసార్లు ప్రిపొజిషనే. 'హౌఎవర్' ఉంటే ఏం చేయాలో ఆ డబ్బాలో రాయనే లేదు. సూచిక బోర్డులే దారి తప్పిస్తున్న ఊళ్లో తిరుగుతున్నట్టు ఉండేది. రాత్రి పడుకుంటే వాక్యాలు కాదు, 'దట్'లూ 'అండ్'లూ కనిపించేవి.

సెప్టెంబరులో కృష్ణకి వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ చరిత్రలో అంత నీరు అంతకు ముందెప్పుడూ లేదన్నారు. దివిసీమ లంక గ్రామాలు మునిగాయి. మా మెస్ నడిపే పెద్దమ్మ 1977 ఉప్పెన చూసిన మనిషి. ఆమె ఆ రెండు రోజులూ సరిగా వండలేదు, గుమ్మంలోనే కూర్చుంది. కరెంటు లేదు. గదిలో నేనూ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకమ్మాయీ మిగిలాం. ఆ అమ్మాయి స్కూల్ అసిస్టెంట్ తెలుగుకి చదువుతోంది. సెల్ ఫోన్ లైటు గ్లాసు మీద ఆనించి పెట్టుకుని ఇద్దరం ఎవరి పుస్తకం వాళ్లు తీశాం. నేను పైకే చదువుతున్నాను: 'ఇఫ్ ద రెయిన్ స్టాప్స్, వి విల్ గో.'

"అది మా లెక్కన సంక్లిష్ట వాక్యం అక్కా" అంది ఆ అమ్మాయి.

"మా లెక్కన కూడా కాంప్లెక్సే. నీకెలా తెలిసింది?"

"ఏటుందక్కా అందులో? 'వర్షం ఆగితే వెళ్తాం.' 'ఆగితే' చేదర్థకం, అసమాపక క్రియ. 'వెళ్తాం' ఒక్కటే సమాపక క్రియ. ఒకటే ముగింపు గదా."

నేను వాక్యం వైపు మళ్లీ చూశాను. తెలుగులో ముగింపు ఒక్కటే, నిజమే. ఇంగ్లిష్‌లో? 'స్టాప్స్' చివర ఒక 's' ఉంది. అది 'రెయిన్' ఏకవచనం కాబట్టి వచ్చిన 's'. వర్తమాన కాలం చూపించే 's'. అంటే 'స్టాప్స్'కి తన కర్త ఉంది, తన కాలం ఉంది. 'ఆగితే'కి కాలం లేదు. ఆగితే వెళ్తాం, ఆగితే వెళ్లాం, ఆగితే వెళ్లేవాళ్లం, అన్నిటికీ 'ఆగితే' ఒక్కటే రూపం. తెలుగులో ఆనుకుని ఉన్న క్రియ చాలాచోట్ల ఇలా కాలాన్ని వదిలేస్తుంది. ఇంగ్లిష్‌లో ఇలాంటి చోట ఆనుకుని ఉన్నా కాలాన్ని వదలదు. చిన్నప్పటి నుంచి నా చెవి ఒక వాక్యంలో ఒక్క ముగింపే వెతుకుతోంది. ఇంగ్లిష్ వాక్యంలో మూడు ముగింపులు పక్కపక్కనే ఉంటే వాటిలో ఒకటే వినిపించి మిగతావి జారిపోతున్నాయి. అందుకే నేను గుర్తుల వెంట పడవలసి వచ్చింది.

ఆ అమ్మాయి నోట్సు వెనక పేజీలో మా పరిస్థితి మీదే ఒక వాక్యం రాశాను: 'ఐ వెయిటెడ్ ఫర్ ద బస్, బట్ ఇట్ డిడ్ నాట్ కమ్ బికాజ్ ద రోడ్ వాజ్ ఫ్లడెడ్.' కాలం ఉన్న క్రియలన్నిటి కిందా గీత గీశాను. వెయిటెడ్, డిడ్ నాట్ కమ్, వాజ్ ఫ్లడెడ్. మూడు గీతలు, మూడు క్లాజులు. ఇప్పుడు ఒక్కోదాన్నీ విడదీసి సొంతంగా చెప్పి చూడాలి. నేను బస్సు కోసం ఆగాను, నిలబడింది. బస్సు రాలేదు, నిలబడింది. రోడ్డు మునిగినందువల్ల, నిలబడలేదు, దానికి 'బస్సు రాలేదు' ఆసరా కావాలి. నిలబడ్డవి రెండు, ఆనుకున్నది ఒకటి. కాంపౌండ్-కాంప్లెక్స్. గుర్తుల జాబితా ముట్టుకోకుండా జవాబు వచ్చింది. ఆ రాత్రి వాన వెలిసేదాకా గీతలు గీస్తూనే ఉన్నాను.

మైకులో కొట్టేసిన ఆ పాత వాక్యం కూడా తీశాను. సెడ్, వాజ్, వాంటెడ్. 'టు గో'కి కాలం లేదు కాబట్టి దాని కింద గీత లేదు. 'దట్ హి వాజ్ టైర్డ్' నిలబడదు. 'దట్ హి వాంటెడ్ టు గో హోమ్' నిలబడదు. నిలబడింది 'హి సెడ్' ఒక్కటే. 'అండ్' ఉన్నా సరే, అది ఆనుకున్న రెండింటిని కట్టిందే తప్ప నిలబడ్డ రెండింటిని కాదు. ఆ వాక్యం కాంప్లెక్సే. అప్పుడు ఎవరికీ చెప్పాలనిపించలేదు. నాకు నేను చెప్పుకోగలిగాను, అది చాలా పెద్ద ఊరట.

దీనితోనే అన్నీ తీరిపోలేదు. కనిపించని క్లాజులు వేరే ఏడిపించాయి. 'ద మ్యాన్ యు మెట్ ఎస్టర్డే ఈజ్ మై అంకుల్, అండ్ హి లివ్స్ ఇన్ గుంటూర్.' గుర్తుల ప్రకారం చూస్తే ఇది కాంపౌండ్. 'హూ' లేదు, 'దట్' లేదు. గీతలు గీస్తే మెట్, ఈజ్, లివ్స్ అని మూడొస్తాయి. 'మ్యాన్' తర్వాత ఉండాల్సిన 'హూమ్'ని ఇంగ్లిష్‌వాళ్లు మాటల్లో వదిలేస్తారు. మనకి 'నిన్న నువ్వు కలిసిన మనిషి' అనడంలో ఆ మాట అవసరమే లేదు కాబట్టి, అక్కడ ఏదో తగ్గిందని మన చెవికి తట్టదు. ఇలాంటి వాక్యాల దగ్గర తెలుగు మీడియంవాళ్లం ఎక్కువగా పడిపోతాం. 'ఐ నో హి విల్ కమ్' కూడా అంతే, 'దట్' లోపల దాక్కుని ఉంటుంది. క్రియలు లెక్కపెడితే మాత్రం ఏదీ దాక్కోలేదు.

ఇంకొకటి ఉంది, ఇది నా కష్టం కాదు, పుస్తకాల కష్టం. 'వెన్ ద బెల్ రాంగ్, షి క్లోజ్డ్ ద బుక్ అండ్ వెంట్ అవుట్.' గీతలు మూడు. కానీ 'వెంట్'కి విడిగా కర్త లేదు. కొన్ని పుస్తకాలు ఒక కర్తకి రెండు క్రియలు ఉన్నంత మాత్రాన రెండు క్లాజులు కావంటాయి, అప్పుడిది కాంప్లెక్స్. కొన్ని పుస్తకాలు 'షి' మళ్లీ ఉన్నట్టే అనుకోవాలంటాయి, అప్పుడిది కాంపౌండ్-కాంప్లెక్స్. రెంటికీ వాటి న్యాయం ఉంది. 1985లో క్వెర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి రాసిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణం ఇంకా ముందుకెళ్లి, కాలం లేని క్రియలతో ఉన్న భాగాలని కూడా క్లాజులుగానే లెక్కపెడుతుంది. వాళ్ల లెక్కలో 'ఫినిషింగ్ ద వర్క్, షి లెఫ్ట్' కాంప్లెక్స్. మా మెటీరియల్‌లో అది సింపుల్. 'పని ముగించి వెళ్లింది' అనే దాన్ని మన తెలుగు వ్యాకరణం సంక్లిష్టం అనే అంటుంది, అంటే అక్కడ మన లెక్కా వాళ్ల లెక్కా కలిశాయి. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఎవరితోనైనా పంచుకోవాలనిపించింది. రాత్రి పదకొండింటికి శ్రీకాకుళం అమ్మాయిని లేపి చెప్పాను. "మరి పరీక్షలో ఏటి పెట్టాలక్కా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. బడి వ్యాకరణం ఎలా లెక్కపెడుతుందో అలాగే పెట్టాలనుకున్నాం, వేరే దారి లేక.

2025 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ పడింది, జూన్‌లో పరీక్షలు. ఆఖరి నెలలో దివిసీమ ఉక్కపోతకి పేజీలు చేతికి అంటుకుపోయేవి. బాబుకి జ్వరమని ఫోనొచ్చింది. వెళ్లి ఒక రాత్రి పక్కన పడుకుని, వాడు నిద్రలేవకముందే వచ్చేశాను. ఇది రాయడం ఇప్పటికీ కష్టంగా ఉంది.

పరీక్ష కంప్యూటర్ మీద. తెర మీద గీతలు గీయలేం కదా, రఫ్ పేపరు మీద క్రియలు మాత్రం రాసుకుని లెక్కపెట్టాను. గ్రామర్‌లో నేను పోగొట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. పోయింది జీకేలో, కొంత మెథడాలజీలో. ఎంపిక జాబితాలో నా పేరు రాలేదు. శ్రీకాకుళం అమ్మాయికి వచ్చింది. ఫోన్ చేసి "అక్కా" అని ఆగిపోయింది, తర్వాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆమె ఇప్పుడు వాళ్ల జిల్లాలోనే హైస్కూల్లో తెలుగు చెబుతోంది.

నేను మళ్లీ ప్రైవేటు స్కూల్లోనే ఉన్నాను, తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతున్నాను. నా క్లాసులో గుర్తుల పట్టిక లేదు. ముందు తెలుగు వాక్యాల్లో సమాపక క్రియ పట్టుకోమంటాను, అది పిల్లలకి తెలుగు పీరియడ్‌లోనే వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాసి, కాలం ఉన్న క్రియలన్నిటి కిందా గీత గీయమంటాను. తెలుగులో ఒకే గీత పడ్డచోట ఇంగ్లిష్‌లో మూడు పడితే, వాటిలో ఏది సొంతంగా నిలబడుతుందో వాళ్లే తగవులాడుకుని తేలుస్తారు. కాంపౌండ్-కాంప్లెక్స్ అనే పేరు అన్నిటికంటే చివర చెబుతాను.

పరీక్షలు పెట్టేవాళ్లనీ, మెటీరియల్ రాసేవాళ్లనీ ఒక్కటే అడుగుతున్నాను. ఒక కర్తకి రెండు క్రియలుంటే ఒక క్లాజుగా లెక్కపెట్టాలో, రెండుగా లెక్కపెట్టాలో సిలబస్‌లోనే రాయండి. కాలం లేని క్రియని లెక్కలోకి తీసుకోవాలో వద్దో అదీ రాయండి. రెండు వరుసలు చాలు. ఆ రెండు వరుసలు లేక, పిల్లల్ని ఇళ్ల దగ్గర వదిలి వచ్చిన ఆడవాళ్లు అద్దె గదుల్లో ఏది సరైన జవాబో తెలియక రాత్రిళ్లు కొట్టుమిట్టాడుతున్నారు. వచ్చే డీఎస్సీ నేను మళ్లీ రాస్తున్నాను.